మలుపు దగ్గర నల్ల మెట్టు

జులై 3, గురువారం

ఈ రోజు పుష్ప నోరు తెరిచి ఒకే ఒక్క మాట అంది.

"పియానో చర్చికిచ్చేద్దాం."

అనేసి గోడవైపు తిరిగి పడుకుంది. పక్షవాతం వచ్చి, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ తనకి ఆ గోడంటేనే ఇష్టం. కాలు నడుస్తోంది, మాట వస్తోంది, ఎడమచెయ్యి బాగానే ఉంది. కుడిచెయ్యి మాత్రం ఎవరో మర్చిపోయి వెళ్ళిన గొడుగులా ఒళ్ళో పడి ఉంటుంది.

నేను సరేనన్నాను. మంచిదే కదా. ఈ క్వార్టర్‌లో ఉన్నదే ఒకటిన్నర గది. అందులో సగం ఆ పియానోదే. దానిమీద బియ్యం డబ్బా పెట్టి పెళ్ళైన దగ్గర్నుంచీ తిట్లు తింటూనే ఉన్నాను. ఇకమీదట డబ్బాకి సొంత జాగా వస్తుంది.

పాస్టరు అయ్యగారికి ఫోన్ చేశాను. దసరా పూజల సెలవులు అయ్యాక మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి తీసుకెళ్తానన్నారు. సంతోషం దాచుకోవడం ఆయనకి చేతకాలేదు. పాపం, చర్చిలో ఉన్న కీబోర్డు కరెంటు పోయినప్పుడల్లా మూగదైపోతోంది మరి.

అంతా బాగానే జరిగింది. అన్నం మాత్రం సహించలేదు. పప్పులో ఉప్పెక్కువైంది. వండింది నేనే.

జులై 5

పియానోలో బల్బు మాడిపోయింది.

జులై 6

వానాకాలమంతా పియానో పొట్టలో ఒక చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి. లేకపోతే గంగ మీంచి వచ్చే చెమ్మకి లోపలి చెక్కలు ఉబ్బి, నొక్కిన మెట్టు నొక్కినట్టే ఉండిపోతుంది. ఈ చిట్కా డొరోతీ మిస్సుది. మిషన్ బళ్ళో పుష్పకి పియానో నేర్పిన ముసలావిడ. పోతూ పోతూ పియానోని పుష్పకి రాసిచ్చి పోయింది. మా పెళ్ళికి అత్తారు ఒక మంచం ఇచ్చారు, ఆవిడ ఈ ఏనుగునిచ్చింది.

ముందు కొత్తరకం బల్బు కొన్నాను. వెలుగే తప్ప వేడి లేదు, మా ఆఫీసు పెద్దబాబు నవ్వులాగా. మెటియాబ్రుజ్ బజారంతా తిరిగితే ఒక పాతసామాన్ల కొట్టులో తీగ బల్బు దొరికింది. ఇచ్చేసే వస్తువుకి ఇంత తిరగడం దేనికంటే, పాడైపోయింది ఇస్తే అయ్యగారు ఏమనుకుంటారు? అందుకని. ఇంకెందుకూ కాదు.

మధ్యాహ్నమే చీకటి పడింది. వాన. దీపం పెట్టలేదు. పియానో చెక్కల సందుల్లోంచి పచ్చటి వెలుగు గీతల్లా బయటికొస్తోంది. లోపల ఎవరో దీపం పెట్టుకుని, తలుపేసుకుని, మా మాటలు వింటున్నట్టుంది. మేము మాట్లాడుకుంటే కదా.

జులై 9

చేతికి కసరత్తు చేయించే మౌసుమి దిది వచ్చింది. చెయ్యి పట్టుకుని అటూ ఇటూ వంచి, "హాత్‌టా ఘుమోచ్చే, దాదా" అంది. చెయ్యి నిద్రపోతోందట. చచ్చిపోలేదట. మళ్ళీ లేస్తుందో లేదో మాత్రం చెప్పలేనంది. నొక్కమని ఒక రబ్బరు బంతి ఇచ్చింది.

దిది వెళ్ళాక ఆ బంతికి కళ్ళూ, బట్టతలా, బుంగమీసాలూ గీశాను. అచ్చం అయ్యగారే. మామూలుగానైతే పుష్ప చీపురు తిరగేసేది. ఈ రోజు చూసి, కళ్ళు మూసుకుంది.

పెళ్ళైన కొత్తలో పియానో మెట్ల కింద అప్పడం ముక్కలు పెట్టాను. వాయిస్తుంటే కరకరలాడింది. మర్నాడు నా బూట్లలో గంజి పోసింది. అలాంటి మనిషి.

తిట్టే నోరు మూతబడితే ఇల్లు ఖాళీ డ్రమ్ములాగా ఉంటుంది. చెంచా కిందపడినా ఉలిక్కిపడుతున్నాను.

జులై 14

పంప్‌హౌస్‌లో ఊరికి పొద్దుటి నీళ్ళు వదిలేసి ఇంటికొచ్చేసరికి ఆకాశం వచ్చి నదిమీద పడుకుంది. ఎదురు మేడలో దర్జీల కుట్టుమిషన్లు వానతో పోటీ పడుతున్నాయి. ఏది వానో, ఏది మిషనో తెలీదు. నాకు పాడు బుద్ధులు పుట్టేది ఇలాంటప్పుడే.

చెయ్యి సంగతి దిది చూసుకుంటుంది. నేను కోపాన్ని లేపుతాను.

బియ్యం డబ్బా దింపి, మూత ఎత్తి కూర్చున్నాను. రోజూ వాల్వు చక్రం తిప్పీ తిప్పీ నా వేళ్ళు ముదిరిన బెండకాయల్లా ఉంటాయి. ఒక వేలితో పడవ పాట మొదలుపెట్టాను. డొరోతీ మిస్సు సొంతంగా కట్టిన పాట అది. ఎక్కడా కాగితం మీద లేదు. కుడిచెయ్యి పాడుతుంది, ఎడమచెయ్యి పడవని ఊపుతుంది. పుష్ప రోజూ సాయంత్రం వాయించేది. అన్నేళ్ళు వింటే కాకికైనా రాగం వస్తుంది.

పాట మధ్యలో ఒక మలుపుంది. రాగం పైకెళ్ళి, వెనక్కి తిరిగి చూసినట్టు ఒక నల్ల మెట్టు మీద ఆగి, అక్కణ్ణుంచి ఇంటిదారి పడుతుంది. పాటకి ప్రాణమంతా ఆ నల్లదాంట్లోనే ఉంది. నేను దాని పక్కనున్న తెల్లది నొక్కాను. గట్టిగా. అన్నంలో రాయి తగిలినట్టు మోగింది.

మంచం మీద ఏమీ కదల్లేదు.

మళ్ళీ వాయించాను. మళ్ళీ తెల్లది. కింది వాటాలో ఉండే అమ్మన్నత్త రొప్పుకుంటూ పైకొచ్చింది. వరసకి నాకు మేనత్త, నోటికి నా గురువు.

"ఏటిరా సుందరూ, పిల్లిని గానీ తొక్కేసినావేటి?"

"పాట అత్తా."

"పాటా! పుష్పకేటో అయిపోనాదని లగెత్తుకొచ్చినాను కదరా. ఓలమ్మా పుష్పా, ముందీడి సేతులు కట్టెయ్యే తల్లీ."

పుష్ప ఇటు తిరగలేదు. భుజం మాత్రం ఒకసారి కదిలింది. కోపమో, ఏడుపో, దోమో.

జులై 15

తెల్లది.

జులై 16

తెల్లది. అమ్మన్నత్త చెవుల్లో దూది పెట్టుకుని మరీ వచ్చి తిట్టింది.

జులై 18

తెల్లది. ఎదురు మేడ దర్జీ కిటికీలోంచి అరిచాడు. "దాదా, గాన్‌టా సెలాయ్ కొరే దేబో?" పాట చిరిగిపోయింది, కుట్టి పెట్టనా అని. బెంగాలీ వాళ్ళకి వెటకారం కొత్తిమీరలాంటిది, అన్నిట్లోనూ వేస్తారు.

జులై 22

గెలిచాను.

ఈ రోజు తెల్లది నొక్కీ నొక్కగానే వెనకనుంచి:

"నల్లది! నల్లది నొక్కవయ్యా, నీ యేళ్ళు ఇరగా!"

ఎంత కమ్మగా ఉందో. వెనక్కి తిరక్కుండా అన్నాను, "ఏ నల్లది? మన చుట్టాల్లాగా బోలెడున్నాయి ఇక్కడ."

"దాని పక్కదే."

"ఇదా?"

"కాదు."

"ఇదా?"

"ఓరి దేవుడా! ఈ మనిషి చేతికా ఊరి నీళ్ళన్నీ అప్పజెప్పేరు!"

నాకు తెలుసు ఏదో. తెలిసే నొక్కలేదు. రాత్రి పప్పు బాగా కుదిరింది.

జులై 30

మంచం దిగి కుర్చీలోకి వచ్చింది. పియానోకి ఎడంపక్క, గోడకీ దానికీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. కుడిచేతిని ఒళ్ళో సర్దుకుని, నా వేళ్ళవైపు ఇన్‌స్పెక్టరు చూసినట్టు చూసింది.

"ఏటది? పాటంతా ఒక్క గుక్కలో తాగేద్దామనే? ఒక్క ముక్క చాలు. ఆగు."

"ముక్కేనా? మధ్యాహ్నానికి పాట పూర్తిచేద్దామనుకున్నాను."

"నింపీడానికిదేం నీళ్ళ టాంకీ కాదు."

తన పద్ధతులు చిత్రంగా ఉన్నాయి. పాటని చివర్నుంచి నేర్పుతోంది. ముందు ఆఖరి ముక్క. అది వచ్చాక దాని ముందు ముక్క కలుపుకుని మళ్ళీ చివరిదాకా. ఎందుకలా అనడిగాను.

"ఇంటిదారి ముందు తెలుసుకుంటే ఎక్కణ్ణుంచి బయల్దేరినా భయముండదు. మొదట్నుంచి నేర్చుకున్నోళ్ళు మొదలు బాగా వాయిస్తారు. పోనుపోను చీకట్లోకెళ్తారు."

ఏ వేలితో మొదటిసారి నొక్కానో ప్రతిసారీ ఆ వేలే పడాలట. పూటకో వేలు మారిస్తే చేతికి మతిపోతుందట. ఇంకా, నెమ్మదిగా. ఎంత నెమ్మదిగా అంటే, ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య రేవులో ఓడ కూత మొదలై, నది మీంచి అవతలి ఒడ్డుదాకా వెళ్ళి, ఆరిపోయేంత. ఆ నెమ్మదికి నిద్రొచ్చేసింది. తల వాలి మెట్ల మీద పడితే అన్నీ కలిసి ఘొల్లుమన్నాయి.

"ఇప్పటిదాకా వాయించినదాంట్లో అదొక్కటే బావుంది" అంది. మొహంలో నవ్వు లేదు. నేనే నవ్వాను.

ఆగస్టు 5

వెనక్కి నడుచుకుంటూ మలుపు దాకా వచ్చాం. నల్ల మెట్టు.

తెల్లది నొక్కాను. కావాలనే. పాట వచ్చేసిందంటే పుష్ప కుర్చీలోంచి లేచి మళ్ళీ గోడ దగ్గరికి పోతుంది. రాకపోతే తిడుతుంది, మళ్ళీ చెయ్యమంటుంది, నీళ్ళు తాగుతుంది, మళ్ళీ తిడుతుంది. నాకు లాభసాటిగా ఉంది.

ఆగస్టు 8

అమ్మన్నత్త పుష్పని టోటో రిక్షా ఎక్కించుకుని ఆస్పత్రికి చూపించడానికి తీసుకెళ్ళింది. ఇంట్లో నేనూ, బల్బూ.

ఎవరూ లేరు కదా, ఒక్కసారి సరిగ్గా వాయించుకుందాం అనిపించింది. మలుపు దగ్గరికొచ్చాను. నల్లది నొక్కాలని తెలుసు. నల్లదాన్నే చూస్తున్నాను. వేలు వెళ్ళి తెల్లదాని మీద పడింది.

నవ్వొచ్చింది. మళ్ళీ వాయించాను. తెల్లది.

కొంచెం వేగంగా వెళ్తే దాటేస్తాననుకున్నాను. తెల్లది. కోపంగా వాయించాను. ఇంకా గట్టిగా తెల్లది.

కుంటివాణ్ణి వెక్కిరిస్తూ నడిచినవాడు ఇంటికి కుంటుకుంటూ వచ్చాడంటే ఇదే కాబోలు. వేలికి హాస్యం తెలీదు. వెటకారానికి నొక్కానా, నిజంగా నొక్కానా దానికి అనవసరం. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు నేర్చుకుంది. చెప్పిన పని బుద్ధిగా చేసింది వెధవ వేలు. నా ఒంట్లో బుద్ధిమంతురాలు అదొక్కతే ఉన్నట్టుంది.

ఆగస్టు 9

తెల్లది.

ఆగస్టు 10

తెల్లది. ఈసారి కావాలని కాదు.

ఆగస్టు 13

తెల్లది. పుష్ప తిట్టడం లేదు. ఊరికే చూస్తోంది. తిట్టకపోతే భయమేస్తోంది.

ఆగస్టు 17

ఈ రోజు కుర్చీలోకి రాలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఒక్కణ్ణే వాయిస్తూ కూర్చున్నాను. ఒకసారి, "ఎందుకొచ్చిన బాధ, అయ్యగారిని ముందే పట్టుకుపొమ్మను" అంది. గోడతోనే అంది.

వాన వెలిసింది. దర్జీలు లేరు, సెలవు. నా తప్పుడు స్వరం ఒక్కటే వీధంతా తిరిగి తిరిగి ఇంటికొచ్చింది. తను విడిచొచ్చిన గోడవైపుకి మళ్ళీ నేనే తోశానా?

ఆగస్టు 19

రాసుకోవాలి ఇది. మర్చిపోకూడదు.

మధ్యాహ్నం నేను తెల్లది నొక్కి తల పట్టుకుని కూర్చుంటే, పుష్ప మంచం మీంచి అడిగింది.

"ఎప్పట్నుంచి నిజం తప్పయింది?"

"ఏంటి?"

"మొదట్లో తెల్లది నొక్కేముందు కాసింత ఆగేవాడివి. నవ్వు మింగడానికి. ఇప్పుడాగడం లేదు. నేరుగా ఎళ్ళి పడుతున్నావు. మొహం చూస్తే మోసపోతానని రెండ్రోజులు గోడకేసి తిరిగి పడుకుని విన్నాను. నిజం తప్పే."

పట్టుకున్న తల వదిలి వెనక్కి తిరిగాను.

"అంటే నేను కావాలని చేస్తున్నానని తెలుసా నీకు?"

"నీతో కాపరం చేస్తున్నాను. తెలీదేటి?"

"తెలిసి ఎందుకు తిట్టావే?"

"తిట్టాలనిపించింది."

లేచి వచ్చింది. కుర్చీలో ఇరుక్కుని కూర్చుంది. "దొంగ తప్పుకి మందు లేదు. నిజం తప్పుకుంది. చెయ్యి పెట్టు."

మందు ఇదీ. మొదట్నుంచి పరిగెత్తుకొచ్చి తప్పుని దాటలేను. వేగం మీద చెయ్యి పాతదారే పడుతుంది. కాబట్టి మలుపు ముందున్న ఒక్క స్వరం నొక్కి ఆగిపోవాలి. వేలు నల్లదాని మీదికి జరపాలి, నొక్కకూడదు. చూసుకోవాలి. ఊపిరి వదలాలి. అప్పుడు నొక్కాలి. అంతే. చెయ్యి ఒళ్ళో పెట్టుకోవాలి. మళ్ళీ. తప్పు రావడానికి వీల్లేనంత నెమ్మదిగా. తప్పు ఒక్కసారి వచ్చినా దాన్ని చెరపడానికి బోలెడు ఒప్పులు ఖర్చవుతాయట.

నల్లది నొక్కాను. ఒక్క స్వరం. దానికి వెనకా ముందూ ఏమీ లేదు. అయినా గదిలో ఏదో సర్దుకున్నట్టయింది.

ఆగస్టు 24

సరిగ్గా వచ్చిన చోట ఆపేసి, వెంటనే పడుకోమంది.

"అదేం పద్ధతి? ఇప్పుడే కదా వస్తోంది."

"వస్తన్నప్పుడే ఆపాలి. నువ్వు నిద్రపోయేక యేళ్ళు వాటంతటవే నేర్చుకుంటాయి. నువ్వు అడ్డముండవు కదా."

తెల్లారకుండా పంప్‌హౌస్‌కి వెళ్ళేవాణ్ణి కాబట్టి మధ్యాహ్నం నిద్ర నాకు హక్కు. పడుకున్నాను. కలొచ్చింది. గంగలో ఒక పడవ, దాని పొట్టలో బల్బు వెలుగుతోంది. పడవలో ఒక ముసలావిడ, తెల్ల గౌను. డొరోతీ మిస్సుని నేనెప్పుడూ చూడలేదు, అయినా ఆవిడే. నేను రేవు మెట్లు దిగుతున్నాను. కాలు పెట్టినప్పుడల్లా మెట్టు మోగుతోంది. అన్నీ తెల్ల మెట్లే. నల్లది ఎక్కడా అంటే, నీళ్ళకింద ఉంది, ఆగు, పోటు తీయనీ అంది. కూర్చున్నాను. నీళ్ళు ఎంత తాపీగా దిగాయంటే, ఆ కలలో నాకు మళ్ళీ నిద్రొచ్చింది.

లేచేసరికి సాయంత్రం. నా కుడిచేతి వేలు దుప్పటి మీద దానంతటది ఆడుతోంది. పుష్ప మంచం పక్కన కూర్చుని ఆ వేలినే చూస్తోంది. నేను కళ్ళు తెరవలేదు.

ఆగస్టు 31

నల్లది. తర్వాత తెల్లది. తర్వాత నల్లది, నల్లది.

సెప్టెంబర్ 9

"మణికట్టెందుకలా బిగిస్తావు? వాల్వు తిప్పుతున్నావా?"

"వదిలేశాను."

"వదల్లేదు."

"వదిలానే బాబూ. ఇంకా వదిలితే ఊడి కిందపడుతుంది."

అప్పుడు తన ఎడమచేత్తో తన కుడిచేతిని ఎత్తి, తెచ్చి, నా మణికట్టు మీద పెట్టింది. నిద్రపోతున్న పసిపిల్ల తల ఎంత బరువుంటుందో అంత బరువు. ఎక్కడా బిగువు లేదు. వెచ్చగా ఉంది.

"ఇలాగ. ఇంత వదులుగా. బరువంతా మెట్టులోకి దిగిపోవాలి. మిస్సు నన్ను జీవితమంతా అడిగింది ఇలాగ పెట్టమని. నాకు రాలేదు. ఇప్పుడొచ్చింది."

ఇంకేమీ రాయను ఈ రోజు.

సెప్టెంబర్ 10

ఎండ.

సెప్టెంబర్ 17

విశ్వకర్మ పూజ. పంప్‌హౌస్‌లో మోటార్లకి బొట్టు పెట్టి దండలేశారు. నేను బాప్టిస్టునైనా కిచిడీకి ఏ మతమూ లేదు కాబట్టి రెండు దొన్నెలు తిని, ఒకటి పుష్పకి తెచ్చాను. దారంతా గాలిపటాలు. మెటియాబ్రుజ్ ఆకాశమే కనబడలేదు. తెగిపోయినదొకటి మా వరండా కమ్మీకి చిక్కుకుని, సాయంత్రందాకా ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతూ ఉంది.

వాయిస్తుంటే మణికట్టు దానంతటదే అలా కదిలింది. పుష్ప చూసింది. ఏమీ అనలేదు. అనకపోయినా ఈసారి భయం వెయ్యలేదు.

సెప్టెంబర్ 28, ఆదివారం

వీధి మొగలో పందిట్లో ఢాక్ డోలు మోగుతోంది. అమ్మవారి ముసుగు ఈ రోజే తీశారు.

నేను కుడిచేత్తో పాట మొదలుపెట్టాను, మొదటి నుంచి. ఎప్పుడూ మొదటి నుంచి వాయించలేదు కాబట్టి మొదలే కొత్తగా ఉంది. కాసేపటికి పడవ ఊగడం మొదలైంది. ముందు నాకర్థం కాలేదు. వీధిలోంచి అనుకున్నాను. తర్వాత చూస్తే, నా పక్కన, కింది మెట్ల మీద, పుష్ప ఎడమచెయ్యి.

ఆస్పత్రికి వెళ్ళిన దగ్గర్నుంచీ మెట్టుని ముట్టుకోలేదు తను.

మలుపు వస్తోంది. భయమేసి ఆగబోయాను.

"ఆగకు. నువ్వాగినా పడవాగదు."

వెళ్ళాను. నల్లదో తెల్లదో తెలీదు. నేను వినలేదు. తన వేళ్ళు చూస్తున్నాను.

"నల్లదే" అంది తర్వాత.

అక్టోబర్ 7

ఎన్నిసార్లు వాయించినా నల్లదే. కళ్ళు మూసుకున్నా నల్లదే. అమ్మన్నత్త కబుర్లు చెబుతున్నా నల్లదే. తెల్లది నొక్కుదామన్నా వేలు ఒప్పుకోవడం లేదు.

అమ్మన్నత్త దూది తీసి, "ఒరే సుందరూ, ఇప్పుడు సానా బాగుందిరా, పిల్లి బతికినాది" అంది.

పుష్ప ఒక గుడ్డ తీసుకుని పియానో మూత తుడవడం మొదలుపెట్టింది. ఎడమచేత్తో, మూలమూలలా.

"ఎందుకిప్పుడు?"

"శనివారం అయ్యగారొస్తానన్నారు. దుమ్ముతో ఇస్తామేటి?"

"మరి పాట..."

"నీకొచ్చేసింది కదా. ఇంక దాంతో నాకేటి పని? మాటిచ్చేం. చర్చిలో పిల్లలు నేర్చుకుంటారు."

నవ్వుతూ చెప్పి ఉంటే బాగుండేది. పోనీ ఏడుస్తూ. వాన వెలిసింది అన్నట్టు చెప్పింది.

నాకు రావడం కోసం నెలల తరబడి ఇంత కష్టపడ్డాను. ఎంత తెలివితక్కువ పని.

అక్టోబర్ 10

బల్బు ఆర్పేసింది తను.

అక్టోబర్ 11, శనివారం

పొద్దున్నే వచ్చారు. అయ్యగారు, వెనక నలుగురు మోతగాళ్ళు, తాళ్ళు, వెదురు బొంగులు. ఎక్కుతుంటే బొంగులు గోడకి కొట్టుకుంటున్న చప్పుడు నా దవడల్లో వినిపించింది. అయ్యగారు నిలబడి ప్రార్థన చేశారు. దాతృత్వం, తలాంతు, ఇంకా ఏవేవో. అమ్మన్నత్త మధ్యలోనే ఆమేనేసింది, అయిపోతుందేమోనని. అవలేదు.

తాళ్ళు విప్పుతుంటే పుష్ప అంది, "ఎళ్ళేముందొకసారి వినండి అయ్యగారూ. మా ఆయన వాయిస్తాడు."

ఆ 'మా ఆయన' అనడంలో ఒక గర్వముంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ గొంతు నేను వినలేదు.

కూర్చున్నాం. నా పక్కన ఇరుగ్గా తను. మొదలుపెట్టాను. అందరూ నిలబడిపోయారు. మోతగాళ్ళలో ఒకడు తల గుడ్డ తీసేశాడు. పడవ కింద ఊగుతోంది, పైన పాట వెళ్తోంది, గదిలో ఉన్న ఎనిమిదిమందిమీ నీళ్ళమీద ఉన్నట్టుంది. మణికట్టు తను చెప్పినట్టే వదులుగా ఉంది. పైకి, పైకి, మలుపు.

తెల్లది.

గట్టిగా. అన్నంలో రాయి.

పొరపాటే. ఇది నా డైరీ, నాకు నేను అబద్ధం రాసుకోవాల్సిన అవసరమేముంది? జనం ఉన్నారు, చెమట పట్టింది, వేలు జారింది. అంతే.

పుష్ప ఎడమచెయ్యి ఆగిపోయింది. నావైపు తిరిగి చాలాసేపు చూసింది. అయ్యగారు దగ్గారు. నేను నా మోకాళ్ళవైపు చూసుకుంటున్నాను. పియానో కింద తన పాదం నా పాదం మీదికొచ్చి, గట్టిగా తొక్కి, అక్కడే ఉండిపోయింది. అప్పుడు అటు తిరిగి, గొంతెత్తి:

"చూసేరా అయ్యగారూ! వానాకాలమంతా నేర్పితే ఇదీ వరస. పియానో మీరు పట్టుకుపోతే ఈ మనిషిని పెట్టుకుని నేనేటి చేసుకోను?"

అయ్యగారు బట్టతల నిమురుకున్నారు. "మరి... ఎప్పటికి వస్తుందంటావమ్మా?"

"ఈడికా? ఈడి యేళ్ళు చూడండి."

అయ్యగారు చూశారు. మోతగాళ్ళు కూడా వంగి చూశారు. అందరూ చూసేలా చేతులు ఒళ్ళో పరిచి పెట్టాను.

"క్రిస్మస్‌కైనా..." అన్నారు అయ్యగారు.

"ఏ సంవత్సరం క్రిస్మస్సో కూడా అడగండి బాబూ" అంది అమ్మన్నత్త.

ఆయన నిట్టూర్చి, మాటిచ్చారు కదమ్మా అన్నట్టు పియానో వైపొకసారి చూసి, "దేవుడి చిత్తం" అన్నారు.

"ఆదివారాలు మీ పిల్లల్ని ఇక్కడికి పంపండి, నేర్పుతాను. ఒక చెయ్యి నాది, ఇంకో చెయ్యి ఆళ్ళది" అంది పుష్ప. ఆ మాట అప్పటికప్పుడే పుట్టినట్టుంది, అని తనే ఆశ్చర్యపోయింది.

మోతగాళ్ళు తాళ్ళు చుట్టుకుంటున్నారు. "ఎవరూ ఎళ్ళకండి" అంది. "వచ్చింది వచ్చేరు. దాన్నా మూలనుంచి లాగి కిటికీ దగ్గర పెట్టండి. ఎడంపక్క నా కుర్చీకి జాగా చాలక చస్తున్నాను."

కిందికి మొయ్యడానికొచ్చిన నలుగురూ కలిసి దాన్ని కిటికీ దాకా మోశారు. లోపల తీగలన్నీ ఒక్కసారి మూలిగాయి. అమ్మన్నత్త అందరికీ టీ ఇచ్చింది.

వాళ్ళు వెళ్ళాక కుర్చీలు సర్దుకున్నాం. కుడిపక్క నేను, ఎడంపక్క తను. కిటికీలోంచి గంగ గాలి, ఎక్కడో ఒక ఓడ. వాయించడం మొదలుపెట్టాక ఎదురు మేడలో కుట్టుమిషన్లు ఒకటొకటే ఆగిపోయాయి. దర్జీలందరూ కిటికీల్లోకి వచ్చి నిలబడ్డారు.

"ఆళ్ళేటి అలా చూస్తున్నారు?" అంది పుష్ప, ఊపడం ఆపకుండా.

"టికెట్లు కొన్నారు. డబ్బులు నా దగ్గరున్నాయి."

పుష్ప నవ్వింది. చూపుతో కాదు, భుజంతో కాదు, నోరంతా తెరిచి. ఆ నవ్వు ఎడంపక్క ఎప్పటిలాగే పైకెళ్ళి, కుడిపక్క కొంచెం కిందికి జారింది. అలా జారుతుందని నాకిన్నాళ్ళూ తెలీదు. నవ్వితే కదా.